క్రిబ్ పక్కబట్టలు: కుట్టినవి, విప్పినవి, మళ్లీ కుట్టినవి

మా ఆవిడ ఏడో నెలలో తెనాలి పుట్టింటికి వెళ్లింది. బిడ్డతో మూడో నెలలో వస్తుంది. ఈలోగా హైదరాబాద్ ఫ్లాట్‌లో క్రిబ్‌కి, అంటే బిడ్డ పడుకునే చువ్వల మంచానికి, పక్కబట్టలు నేనే కుట్టాలనుకున్నాను. నాకు వచ్చిన కుట్టుపని చొక్కా గుండీ వరకే. ఇంట్లో అమ్మ ఉంది, అమ్మ పాత ఉషా తొక్కుడు మిషన్ ఉంది. నేను చేసిన తప్పులు ఇంకొకరు చేయకూడదని రాసుకున్న డైరీ ఇది. క్రిబ్, పరుపుల ఖర్చు ఈ లెక్కలో లేదు.

కొలతలు ముందే ఇస్తున్నాను. అన్నీ వీటి మీదే ఆధారపడతాయి.

పరుపు: కొబ్బరి పీచుది, గట్టిది. పొడవు 48 అంగుళాలు, వెడల్పు 24, మందం 4.
క్రిబ్ లోపలి కొలత: 49 × 25. పరుపు చుట్టూ అర అంగుళం సందు. రెండు వేళ్లకంటే ఎక్కువ సందు ఉండకూడదు. మాది నయం.

దశ 1: మిషన్

ఆరేళ్లుగా దుప్పటి కప్పుకుని మూలన ఉంది. తోలు బెల్టు ఎండి చిట్లిపోయింది. కొత్తది వేసి, నూనె పోసి, కాసేపు దారం లేకుండా తొక్కాను. ఆ తర్వాత పాత గుడ్డ మీద కుడితే పైన బాగానే ఉంది, తిప్పి చూస్తే కింద దారం పిచ్చుక గూడు కట్టింది.

కింద చిక్కు పడింది కదా అని, కింది దారం ఉండే బాబిన్ కేసు మీది చిన్న స్క్రూ తిప్పాను. చిక్కు పోలేదు. ఇంకో పావు వంతు తిప్పాను, ఇప్పుడు కింది దారం తెగడం మొదలైంది. ఒక సాయంత్రమంతా ఆ స్క్రూతోనే గడిచింది. అమ్మ టీ తెచ్చి, ఒక్కసారి చూసి, "పాదం కిందికి దించి దారం ఎక్కించావా?" అంది. ఔనన్నాను. "పాదం పైకెత్తి ఎక్కించరా. లేకపోతే పైదారం బిళ్లల మధ్యకి దిగదు."

అంతే విషయం. కింద గూడు కడితే తప్పు చాలాసార్లు పైదారంలో ఉంటుంది. గుడ్డని నొక్కి పట్టే పాదం పైకెత్తితే, పైదారాన్ని బిగించే టెన్షన్ బిళ్లలు విడిపడతాయి, దారం వాటి మధ్య కూర్చుంటుంది. దించి ఎక్కిస్తే దారం బిళ్లల బయటే వేలాడి పట్టు లేకుండా జారుతుంది. నేను తిప్పేసిన స్క్రూని మళ్లీ మొదటికి తేవడానికి ఇంకో గంట పట్టింది. మీరు బాబిన్ స్క్రూ ముట్టుకోవాల్సి వస్తే ముందు ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి.

బెల్టు 150, నూనె 50, 14, 16 నంబర్ సూదులు 80.

ఇప్పటిదాకా: ₹280. 5 గంటలు. పనికొచ్చే వస్తువులు: సున్నా.

దశ 2: ఒకటో నంబరు దుప్పటి

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో తెల్ల కాటన్, 44 అంగుళాల పన్నా, మీటరు 130 చొప్పున మూడున్నర మీటర్లు తీసుకున్నాను. పావు అంగుళం ఎలాస్టిక్ 10 మీటర్లు, నాలుగు దారపు రీళ్లు.

దుప్పటి కొలత ఇలా వేశాను. ఒక్కో పక్కకి పరుపు మందం 4, అడుగుకి మడిచేది 3, ఎలాస్టిక్ దూర్చే మడతకి 1, మొత్తం 8 అంగుళాలు. రెండు పక్కలా కలిపి 16. కాబట్టి గుడ్డ 64 × 40.

1. నాలుగు మూలల్లో 7½ అంగుళాల చదరాలు కత్తిరించాలి. 8 కాదు. ఆ అర అంగుళం కుట్టుకి పోతుంది.
2. కత్తిరించిన చదరం రెండు అంచులూ ఎదురెదురుగా చేర్చి, అర అంగుళం లోపల కుట్టాలి. గుడ్డ డబ్బా మూతలా తయారవుతుంది.
3. కింది అంచు చుట్టూ ఎలాస్టిక్ వేయాలి.

మూడోది రాసినంత తేలిగ్గా కాలేదు. నేను ఎలాస్టిక్‌ని సాగదీసి పట్టుకుని, నేరుగా గుడ్డ మీదే కుట్టేశాను. చూడ్డానికి ముద్దుగా ముడతలు పడ్డాయి. పరుపుకి ఎక్కిస్తుంటే మూడో మూల దగ్గర టపటపా కుట్లు తెగాయి. ఈ మిషన్‌కి తిన్నని కుట్టు ఒక్కటే వచ్చు. ఎలాస్టిక్ సాగుతుంది, తిన్నని కుట్టులో దారం సాగదు. జిగ్‌జాగ్ ఉన్న మిషన్ అయితే నా పద్ధతి చెల్లేదేమో. మనకి లేదు కాబట్టి మొత్తం విప్పాను, అదొక రెండు గంటలు.

రెండోసారి, అంచుని ముందు పావు అంగుళం, మళ్లీ ముప్పావు అంగుళం మడిచి గొట్టంలా కుట్టి, రెండు అంగుళాలు కుట్టకుండా వదిలాను. ఎలాస్టిక్ కొసకి పిన్నీసు పెట్టి ఆ సందులోంచి చుట్టూ తిప్పుకొచ్చాను. రెండో కొస లోపలికి జారిపోకుండా దానికీ ఒక పిన్నీసు గుచ్చి గుడ్డకి బిగించాలి. మొదటిసారి నేను బిగించలేదు, అదీ జారిపోయింది.

ఎలాస్టిక్ ఎంత? అంచు చుట్టుకొలత 144 అంగుళాలు. గట్టిగా పట్టాలని 84 వేశాను. నాలుగో మూల ఎక్కించేసరికి మొదటి మూల ఊడింది. మొదటిది సర్దితే మూడోది ఊడింది. అమ్మ ఒక చివర, నేను ఒక చివర పట్టుకుంటే గానీ ఎక్కలేదు. అర్ధరాత్రి ఒక్క చేత్తో మార్చాల్సిన దుప్పటి ఇది. ఎలాస్టిక్ తీసి 100 అంగుళాలది వేశాను. హాయిగా ఎక్కింది, లాగినా ఊడలేదు. చుట్టుకొలతలో పదింట ఏడు వంతులు అని గుర్తుపెట్టుకుంటే ఏ పరుపుకైనా సరిపోతుంది.

అప్పుడు ఉతికాను.

వేడినీళ్లలో నానబెట్టి, ఎండలో ఆరేసి, ఇస్త్రీ చేసి కొలిస్తే, 48 ఉండాల్సిన పైభాగం 45¾ వచ్చింది. 24 ఉండాల్సిన వెడల్పు 23½. మూలలు పరుపు మీద కూర్చోకుండా పైకి లేచి నిలబడ్డాయి. ఇది అందం చెడిన సంగతి మాత్రమే అయితే సర్దుకుపోయేవాడినే. ఊడొచ్చిన దుప్పటి బిడ్డ మొహం మీదికి వస్తే ప్రమాదం. పక్కన పెట్టేశాను.

గుడ్డ 455, ఎలాస్టిక్ 70, దారం 80.

ఇప్పటిదాకా: ₹885. 14 గంటలు. పనికొచ్చేవి: ఇంకా సున్నానే.

దశ 3: ముందు ఉతుకు, తర్వాత కొలువు

మిగిలిన గుడ్డ పొడవు 73½ అంగుళాలు. దీన్ని కత్తెర ముట్టకముందే రాత్రంతా వేడినీళ్లలో వేశాను. మర్నాడు ఎండలో ఆరాక ఇస్త్రీ చేసి కొలిచాను. పొడవు 70, పన్నా 43.

అంటే పొడవు వైపు నూటికి దాదాపు అయిదు, అడ్డం వైపు నూటికి రెండు చిల్లర కుంచించుకుపోయింది. నేతలో పడుగు (పొడవు పోగులు) బిగించి లాగి ఉంటుంది, నీళ్లు తగలగానే ఆ బిగువు వదులుతుంది. అందుకే పడుగు వైపు ఎక్కువ పోతుంది, పేక (అడ్డం పోగులు) వైపు తక్కువ. నా ఒకటో దుప్పటి పొడవులోనే ఎందుకంత దెబ్బతిందో అప్పుడు తెలిసింది.

లెక్క: 64 అంగుళాలు కావాలంటే ఉతకని గుడ్డ 67¼ పైన ఉండాలి. మీటరూ ముప్పావు కొంటే 69కి కాస్త తక్కువ, సరిపోతుంది.

రెండో దుప్పటి నాలుగు గంటల్లో అయింది. రెండుసార్లు ఉతికి చూశాను, కదల్లేదు. ఇంకో మూడున్నర మీటర్లు తెచ్చి, ముందు ఉతికి, మరో రెండు కుట్టాను. మూలల లోపల గుడ్డ అంచులు పోగులూడకుండా రెండు మడతలు వేసి కుట్టాను. ఇది షోకు కాదు. ఊడిన పోగు చంటిబిడ్డ వేలికి చుట్టుకుంటే బిగుసుకుని వేలు వాచిపోతుంది. ప్రతి దుప్పటినీ కుట్టాక తిరగేసి, లైటు కింద వేలాడే దారాలన్నీ కత్తిరించాను.

ఇప్పటిదాకా: ₹1,340. 23 గంటలు. దుప్పట్లు మూడు.

దశ 4: చుట్టూ దిండ్లు (కుట్టలేదు)

క్రిబ్ లోపల చువ్వల వెంబడి మెత్తటి దిండ్లు కట్టాలని మా ఆవిడ ఒక ఫోటో పంపింది. బాగుంది. ఫోమ్ కూడా కొనేశాను, 350. చువ్వలకి ఎన్ని నాడాలు కావాలో లెక్కేద్దామని సందులు కొలిస్తే 3¼ అంగుళాల పైనే ఉన్నాయి.

అక్కడ ఆగాను. రెండు చువ్వల మధ్య సందు 2⅜ అంగుళాలు, అంటే 6 సెంటీమీటర్లు దాటకూడదు. దాటితే బిడ్డ ఒళ్లు అందులోంచి జారి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. నేను దిండ్లతో కప్పాలనుకున్నది అసలు ఉండకూడని సందుని. పైగా ఆ దిండ్లే వేరే ప్రమాదం. బిడ్డ మూతీ ముక్కూ వాటికి ఆనుకుంటే ఊపిరాడదు. అమెరికాలో ఇలాంటి మెత్తటి దిండ్ల అమ్మకాన్ని 2022లో చట్టం చేసి మరీ నిషేధించారు. అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం చెప్పేదీ ఇదే. గట్టి పరుపు, దానికి బిగుతుగా అతుక్కున్న దుప్పటి, వెల్లకిలా పడుకోబెట్టిన బిడ్డ. పక్కలో ఇంకేమీ ఉండకూడదు.

వడ్రంగిని పిలిపించాను. పొడుగు పక్కల్లో పదేసి చువ్వలుంటే పదమూడేసి చేశాడు. "సార్, మీరు చెప్పినట్టే వేశా, ఇక పిల్లి కూడా దూరదు" అన్నాడు. టేపు పెడితే 2⅓ వచ్చింది. 1,200 తీసుకున్నాడు. ఫోమ్ అటక మీదికి పోయింది.

అమ్మ ఆవాల దిండు సంగతి ఎత్తింది. తల గుండ్రంగా రావడానికి నాకూ అదే పెట్టారట. నా తల అద్దంలో చూసుకున్నాను, వాదించడానికి అంత బలమైన ఆధారం కాదు. నిద్రలో దిండు వద్దని డాక్టరు మా ఆవిడకి ముందే చెప్పి ఉండటంతో అమ్మ ఎక్కువ పట్టుబట్టలేదు. ఆవాలు పోపుల డబ్బాలోనే ఉన్నాయి.

ఇప్పటిదాకా: ₹2,890. 25 గంటలు. దుప్పట్లు మూడు. కొత్తగా కుట్టింది ఏమీ లేదు.

దశ 5: పక్కగుడ్డలు

ఇవి క్రిబ్‌లోకి కాదు. పగలు చాప మీదా, ఒళ్లోనూ వేసుకోవడానికి. సైజు 18 × 24. పైనా కిందా పాత చీర, మధ్యలో పాత టవలు.

కొత్త గుడ్డ కొంటానంటే అమ్మ ఒప్పుకోలేదు. పుట్టకముందే కొత్తవి సిద్ధం చేయకూడదని తన నమ్మకం. దుప్పట్ల విషయంలో ఇప్పటికే మొహం ముడుచుకుని ఉంది. "బిడ్డకి మొదట పాతదే కట్టాలి రా" అని తన మంగళగిరి చీరలు రెండు తెచ్చి ఒళ్లో పడేసింది. ఇరవై ఏళ్లు ఉతికిన చీర ఇక కుంచించుకుపోయేది లేదు, రంగు దిగేది లేదు, కొత్త గుడ్డకుండే గంజి బిరుసూ లేదు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా, గుడ్డ విషయంలో అమ్మే కరెక్టు.

అయితే పాత చీర అంతా ఒకేలా ఉండదు. కిటికీకి అడ్డంగా పట్టి చూడండి. కూర్చునే చోట, కుచ్చిళ్ల దగ్గర వెలుతురు జల్లెడలోంచి వచ్చినట్టు వస్తుంది. అక్కడ రెండు బొటనవేళ్లతో లాగితే చర్రుమని చిరుగుతుంది. అయిదున్నర మీటర్లలో మూడున్నరే పనికొచ్చింది. జరీ అంచులు గీరుకుంటాయని కత్తిరించేశాను. అవి పోగా వెడల్పు 41 మిగిలింది.

1. కుట్టుకి కలిపి ఒక్కో ముక్క 19 × 25. వెడల్పులో రెండు, పొడవులో అయిదు. చీరకి పది ముక్కలు, అంటే అయిదు పక్కగుడ్డలు.
2. టవలు ముక్క సరిగ్గా 18 × 24కి కొంచెం లోపలే కత్తిరించాలి.
3. టవలుని ఒక చీర ముక్క వెనక పెట్టి, మధ్యలో ఇంటూ గుర్తులా కుట్టాలి.
4. రెండో ముక్క పైన వేసి, చుట్టూ అర అంగుళం లోపల కుట్టి, ఒక పక్క బెత్తెడు వదిలి, అందులోంచి తిరగేయాలి.
5. ఆ సందు మూస్తూ అంచు చుట్టూ మళ్లీ ఒక కుట్టు.

రెండో మెట్టు మొదట నాకు తెలియదు. టవలుని కూడా 19 × 25 కోసి అన్నీ కలిపి కుట్టాను. మూల తిరిగేచోట పొరలు మందమై టక్‌మని సూది విరిగింది. కొసముక్క ఎగిరి నా కళ్లజోడుకి తగిలింది. కళ్లజోడు లేకపోతే ఏమయ్యేదో ఇక ఆలోచించలేదు. టవలు కుట్టులోకి రాకుండా తగ్గించాను, సూది 14 తీసి 16 వేశాను, కుట్టు పొడవు పెంచి అంగుళానికి పది కుట్ల నుంచి ఎనిమిదికి తెచ్చాను. మళ్లీ విరగలేదు.

ఇక గుండుసూది కథ. ముప్పై గుండుసూదులు లెక్కపెట్టి వాడుతున్నాను. ఆ రాత్రి డబ్బాలోకి తిరిగొచ్చినవి ఇరవై తొమ్మిది. నేల ఊడ్చాను, మిషన్ కింద చూశాను, చొక్కా దులిపాను, లేదు. అప్పటికి ఆరు పక్కగుడ్డలు కుట్టేసి ఉన్నాయి. ఒక్కోదాన్నీ నలిపి చూస్తే టవలు మందంలో ఏమీ తెలియడం లేదు. నిజంగా టెన్షన్ పట్టుకుంది. చివరికి ఫ్రిజ్ మీది అయస్కాంతం తీసి ప్రతి గుడ్డ మీదా నెమ్మదిగా జరిపాను. నాలుగో దాంట్లో, సరిగ్గా ఇంటూ గుర్తు పక్కన, అయస్కాంతం చిన్నగా పట్టేసి గుడ్డని పైకి లేపింది. విప్పితే టవలు నూలులో నిలువునా దాక్కుని ఉంది.

ఆ రోజు నుంచి రెండు నియమాలు. రంగు తలకాయలున్న పెద్ద గుండుసూదులే వాడాలి. ఒక గుడ్డ పూర్తయితే లెక్కపెట్టాకే రెండోది మొదలుపెట్టాలి. కుట్టినవన్నీ చివర్లో ఒకసారి అయస్కాంతం కింద పోతాయి.

తడి దిగకుండా రబ్బరు షీటు మీటరు తెచ్చి ఒక పక్కగుడ్డ అడుగున కుట్టి చూశాను. మందు గ్లాసుతో 50 మిల్లీలీటర్ల నీళ్లు పోసి పది నిమిషాలు ఆగితే, అడుగున కుట్టు వెంబడి చుక్కలు వరసగా నిలబడ్డాయి. సూది పడిన ప్రతి చోటా ఒక బెజ్జం మరి. విప్పేసి, రబ్బరు షీటుని కుట్టకుండా, క్రిబ్ పరుపు మీద పరిచి పైన ఎలాస్టిక్ దుప్పటి బిగించాను. మళ్లీ 50 మిల్లీలీటర్లు పోస్తే పరుపు పొడిగా ఉంది. ఒకటో నంబరు దుప్పటిని కూడా ముక్కలు చేసి ఒళ్లో వేసుకునే తుండ్లు చేశాను.

షీటు 180.

ఇప్పటిదాకా: ₹3,070. 39 గంటలు. దుప్పట్లు మూడు, పక్కగుడ్డలు పది.

దశ 6: బొంత, దోమతెర

బొంత 36 × 36, అయిదు పొరలు, నాన్న పాత పంచెలతో. మిషన్ మీద తొందరగా అవుతుందని నేను మొదలుపెట్టాను. మూడు వరసలు కుట్టేసరికి పై పొర అంగుళంన్నర ముందుకొచ్చి కూర్చుంది, మధ్యలో ఒక ముడత ఇరుక్కుపోయింది. మిషన్ పళ్లు అడుగు పొరని వెనక్కి లాగుతాయి, పాదం పై పొరని నొక్కి ఆపుతుంది. రెండు పొరలకి సర్దుకునే తేడా అయిదు పొరలకి దాగదు.

అమ్మ విప్పించింది. నేల మీద పరిచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకి నిమిరి, మధ్య నుంచే నాలుగు వైపులా పొడుగు కచ్చా కుట్లు వేసింది. తర్వాత అంచు దగ్గర మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి చేతికుట్టు. పదకొండు సాయంత్రాలు పట్టింది. నా వాటా సూదిలో దారం ఎక్కించడం, చివరి రెండు చుట్లు. నా రెండు చుట్లూ వెనక నుంచి చూస్తే ఎవరైనా పట్టేస్తారు. దారం 30. ఇది కూడా చాప మీదికే, నూనె రాసి ఎండలో పడుకోబెట్టేటప్పుడు.

దోమతెర గురించి ఒక్క మాట. వల గుడ్డని మిషన్ పళ్లు మింగేస్తాయి. అడుగున న్యూస్‌పేపర్ ముక్క పెట్టి, కాగితంతో సహా కుట్టి, తర్వాత కాగితం చింపేయండి. తెరని క్రిబ్ బయట నాలుగు కర్రలకి బిగుతుగా కట్టాను, లోపలికి ఏదీ వేలాడకుండా. వల, నాడాలు కలిపి 320.

ఇప్పటిదాకా: ₹3,420. 51 గంటలు, అమ్మవి లెక్కలో లేవు. దుప్పట్లు మూడు, పక్కగుడ్డలు పది, బొంత ఒకటి, తెర ఒకటి.

దశ 7: వాడకం మొదలయ్యాక

పాప వచ్చి మూడు వారాలైంది. లెక్క తప్పింది దుప్పట్ల సంఖ్యలో. పరుపు మీద ఒకటి, ఉతుకులో ఒకటి, బీరువాలో ఒకటి అనుకున్నాను. మొదటి రాత్రే రెండుసార్లు మార్చాం, తెల్లవారుజామున మూడోది కూడా తడిసింది, బయట వాన. కనీసం అయిదు ఉండాలి. ఇంకో మూడున్నర మీటర్లు తెచ్చి నానబెట్టాను. దీంతో ₹3,875.

పక్కగుడ్డల్లో రెండింటి అంచు విడింది. రెండూ తిరగేసిన సందు మూసిన చోటే, అక్కడ కుట్టు మొదలూ చివరా ముందుకీ వెనక్కీ తొక్కలేదు. మిగతా ఎనిమిదీ బాగున్నాయి.

నిన్న అత్తయ్య తెనాలి నుంచి ఫోన్ చేశారు. అక్కడ కూడా ఒక ఆరు పక్కగుడ్డలు ఉంటే బాగుంటుందట, మంగళగిరి చీరవైతేనే. అమ్మ బీరువా తలుపు దగ్గరికేసింది.